పదకొండో నంబరు పాప

జూన్ 9

అక్కకి,

ఫోన్‌లో అయితే మనిద్దరం మూడో నిమిషానికే కరుచుకుంటాం కాబట్టి రాస్తున్నాను. నిన్న ఫోను పెట్టేసింది నేనే. లైను పోయి కాదు, ఒళ్ళు మండి. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో దూరి "ముందు నా మాట విను" అనలేవు, అదొక సుఖం.

పిల్లల కేన్సర్ వార్డులో ఆరో మంచం మాది. మిడతకి కాలేయం మీద కణితి ఉందని తేల్చేశారు. ఇల్లంతా గెంతుతుందని మిడత అని పేరు పెట్టింది నువ్వే కదా, ఇప్పుడొచ్చి చూడు, గోడవైపు తిరిగి పడుకుని పెయింటు పెచ్చులు గిల్లుతోంది. ఆరేళ్ళ పిల్ల. ఆయన లిఫ్టుల రిపేరు పనికి సెలవు పెట్టి మూడు రోజులు మాతో ఉన్నారు. ఉండి చేసిందేమీ లేదు, ఆసుపత్రి లిఫ్టు చప్పుడు బాగాలేదని అందరికీ చెప్పడం తప్ప.

పెద్ద డాక్టరు పద్దెనిమిది పేజీల కాగితం ఇచ్చాడు. మీ ఆఫీసు వాళ్ళ పరిశోధనేనట, నువ్వు చేరమన్నదీ అదే. పిల్లల్ని రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి పూర్తి మందు, రెండో గుంపుకి తక్కువ మందు. ఎవరు ఎందులోనో కంప్యూటరు చీటీ తీస్తుందట. అక్కా, గుడ్డ చాలకపోతే నేను ఇంకో అరమీటరు తెప్పిస్తాను గానీ పిల్లలకి యూనిఫాం బిగుతుగా కుట్టి పంపను. ప్రాణం దగ్గర తక్కువ అన్న మాట వీళ్ళ నోటికి ఎలా వస్తుంది?

నువ్వు అక్కడే పని చేస్తున్నావు. ఆ కంప్యూటరుకి ఒక మాట చెప్పలేవా?

నీ చెల్లి


జూన్ 15

చెల్లికి,

చెప్పలేను. చీటీ నా చేతిలో ఉంటే అది పరిశోధన కాదు, చుట్టరికం అవుతుంది. నేను చేసేదల్లా తొమ్మిది ఆసుపత్రుల నుంచి వచ్చే కాగితాల్లోని అంకెలు కంప్యూటరులోకి ఎక్కించడం. కాగితాల మీద పిల్లల పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మీరు చేరబోతున్నారని తెలిస్తే మా లెక్కల మేడం నన్ను ఆ కాగితాలు ముట్టుకోనివ్వదు. అందుకని చెప్పలేదు. ఆ తప్పు నేను చేస్తున్నాను, సరేనా? మీ కోసమే.

ఇప్పుడు శాంతంగా చదువు. ఒకప్పుడు ఈ కణితి వస్తే పిల్లల్ని ఇంటికి తీసుకుపొమ్మనేవారు. ఈ మందు దాన్ని కరిగిస్తుందని ఆకాశంలోంచి ఎవరూ చెప్పలేదు. ఎవరో తల్లులు, మన మొహం కూడా తెలియనివాళ్ళు, తమ పిల్లల్ని ముందుకు తెచ్చారు. కొందరు ఆ పిల్లల్ని తిరిగి ఇంటికి తీసుకెళ్ళలేదు. వాళ్ళ కాగితాల పుణ్యమే ఇవాళ మీ డాక్టరు మొహంలో ధైర్యం. ఆ మందు కణితితో పాటు వినికిడిని కూడా తినేస్తోంది. అది పోతే తిరిగి రాదు. కొంచెం తక్కువ ఇచ్చి పిల్లనీ, చెవులనీ రెండింటినీ దక్కించుకోగలమా అన్నదే ఇప్పుడు చూస్తున్నది.

నీ భయం తీరడానికి ఇంకోటి చెప్తాను. పూర్తి మందు వచ్చినా కంగారు లేదు. ప్రతి విడత తర్వాత వినికిడి పరీక్ష చేస్తారు. చెవులు దెబ్బతింటున్నాయని తేలితే వెంటనే మందు తగ్గించేస్తారు. అంత జాగ్రత్తగా చూసుకుంటారు.

సంతకం పెట్టు. మిడతకి పెద్దమ్మ ముద్దులు.

అక్క


జూలై 28

అక్కకి,

పెట్టాను. పద్దెనిమిది పేజీల్లో పద్దెనిమిది సంతకాలు. పెళ్ళికి కూడా ఇన్ని పెట్టలేదు. చీటీలో మాకు పూర్తి మందు వచ్చింది. ఆయన నిజంగానే ఎగిరి గంతేశారు. పక్క మంచాల వాళ్ళు పిల్లకి నయమైపోయిందేమో అనుకుని వచ్చి అడిగారు.

రెండు విడతలు అయ్యాయి. జుట్టు మొత్తం పోయింది. "నా తల నీ మోకాలిలా ఉందమ్మా" అంది మిడత, నేను బయటికెళ్ళి ఏడ్చి వచ్చాను. తిన్నది తిన్నట్టు కక్కుతోంది. మధ్యాహ్నాలు పడుకున్నప్పుడు నేను చేత్తో కాజాలు కుడుతున్నాను, బడులు తెరిచారు కదా, షాపాయన డబ్బాల కొద్దీ చొక్కాలు పంపిస్తున్నాడు.

చెవుల పరీక్ష సరదాగానే ఉంది. అద్దాల గది, చెవులకి పెద్ద తొడుగులు, ముందొక పూసల డబ్బా. చప్పుడు వినబడినప్పుడల్లా ఒక పూస డబ్బాలో వెయ్యాలి. ఒంటరిగా కూర్చోబెడితే ఏడుస్తోందని నన్ను కూడా లోపల ఎదురుగా కూర్చోనిస్తున్నారు.

నువ్వు రాసినట్టే, అయిదో మంచం పాపకి చెవులు తగ్గాయని మొన్న మందు తగ్గించారు. వాళ్ళమ్మ అప్పటినుంచి తిండి ముట్టలేదు. తగ్గిస్తే కణితి మళ్ళీ పెరుగుతుందా అని ఆవిడ నన్ను అడుగుతోంది. నేను నిన్ను అడుగుతున్నాను. పెరుగుతుందా?

నీ చెల్లి


ఆగస్టు 6

చెల్లికి,

తొందరలో రాస్తున్నాను, ఇక్కడ కాగితాలు నడుం ఎత్తున పడున్నాయి.

పెరుగుతుందా అంటే ఎవరికీ తెలియదు. అది తెలిస్తే ఇంతమందిమి కూర్చుని ఈ పని చేయడం ఎందుకు? తెలియదు కాబట్టే పరిశోధన. ప్రతి దానికీ అవును, కాదు అని చెప్పే మనిషి కావాలంటే మీ వీధి చివర జాతకాలాయన ఉన్నాడు.

పిల్ల బరువు చూస్తూ ఉండు.

అక్క


నవంబర్ 2

అక్కకి,

ఆరు విడతలూ అయిపోయాయి. ఆపరేషనూ అయింది. కణితి ఆనవాలు కూడా లేదన్నాడు డాక్టరు. నేను ఆయన కాళ్ళ మీద పడబోతే, కంగారుపడి వెనక్కి జరిగి కుర్చీకి తగులుకున్నాడు పాపం.

చెవులా, బాగున్నాయి. అన్ని పరీక్షల్లోనూ బాగున్నాయనే రాశారు. ఇంకేం లేదు రాయడానికి.

నీ చెల్లి


నవంబర్ 14

చెల్లికి,

నీ ఉత్తరం ఆఫీసులోనే చించి చదివి అక్కడే ఏడ్చాను. లెక్కల మేడం మంచినీళ్ళు ఇచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది. లేదండీ, మిగిలారు అన్నాను.

ఇది నీకు చెప్పకూడదు గానీ చెప్పకుండా ఉండలేను. పోయిన వారం డాక్టర్ల మీటింగ్ జరిగింది. పూర్తి మందు గుంపులో అప్పటికి పదకొండు మంది పిల్లలు. వాళ్ళలో నలుగురికి చెవులు గట్టిగా దెబ్బతింటే ఆ గుంపు అక్కడితో మూసెయ్యాలని మొదటే రాసుకున్నారు. ముగ్గురి దగ్గర ఆగింది. పైగా పదకొండో నంబరు పాపకి ఆరు విడతల తర్వాత కూడా చెవులు చెక్కుచెదరలేదు. పరీక్ష గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. డాక్టర్లందరూ ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూశారట. దాంతో గుంపు కొనసాగించి కొత్త పిల్లల్ని తీసుకోవడానికి ఒప్పుకున్నారు. పుట్టిన తేదీ చూశాను. పదకొండో నంబరు ఎవరో నీకు చెప్పక్కరలేదనుకుంటా.

ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇకముందు ఏ తల్లి భయపడినా ఆ పాప సంగతి చెప్తారు.

అక్క


జనవరి 20

అక్కకి,

నీ గర్వం నువ్వే అట్టేపెట్టుకో.

మిడత బడికి వెళ్తోంది. నిన్న పంతులమ్మ నన్ను పిలిపించింది. పిల్ల పొగరుగా ఉంటోందట, వెనక నుంచి పిలిస్తే పలకదట, ప్రశ్న అడిగితే పక్కపిల్ల మొహం చూసి జవాబు చెప్తుందట. ఇంటికొచ్చాక పరీక్ష చేశాను. కుక్కర్ ఈల వినబడలేదు. తలుపు గంట వినబడలేదు. నా కుట్టు మిషన్ చప్పుడు మాత్రం వినబడుతోంది, ఎందుకంటే అది మోటు చప్పుడు. నేను వంటింట్లోంచి మాట్లాడితే ఇవతలికొచ్చి నా పెదాలు చూస్తోంది. ఎన్నాళ్ళనుంచి చూస్తోందో నాకు తెలియదు.

నువ్వు సంతకం పెట్టమన్నావు. కంగారు లేదన్నావు. ఆ పూర్తి మందు పోసి పోసి నా పిల్ల చెవులు కాల్చేశారు మీరంతా కలిసి. మీకు కావలసింది అంకెలు, అవి దొరికాయి. ఇంక మేం బతికితే ఎంత, చస్తే ఎంత.

చెల్లి


జనవరి 27

చెల్లికి,

కోపంలో రాశావని తెలుసు కాబట్టి ఆఖరి ముక్క చదవనట్టే ఉంటాను.

కానీ నువ్వు రాసింది జరగడానికి వీల్లేదు. మొదటి విడత నుంచి ఆరో విడత దాకా ఆరు కాగితాలు నా చేతులతో ఎక్కించాను, ఆరూ శుభ్రంగా ఉన్నాయి. చివరి పరీక్ష అక్టోబరులో. అప్పటికి బాగున్న చెవులు మందు ఆపాక ఇంతలా ఎందుకు పాడవుతాయి? జలుబు చేసి ఉంటుంది. లేకపోతే ఆసుపత్రిలో నాలుగు నెలలు గారం చేశారు కదా, పిలిస్తే పలకకపోవడం పిల్లలకి అలవాటే. చిన్నప్పుడు నువ్వూ అంతే. పరీక్ష మిషన్‌కి నీ మీదా, నా మీదా ప్రేమా లేదు, పగా లేదు. ఉన్నదే చూపిస్తుంది.

తీసుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించు. తర్వాత తిట్టు.

అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

చేయించాను. ఇది నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

పరీక్ష చేసే అమ్మాయి మారిపోయింది. కొత్తమ్మాయి నన్ను లోపలికి రానివ్వలేదు, పిల్లకి ఏడేళ్ళు వస్తున్నాయి కదా, మీరు బయట కూర్చోండి అంది. అద్దంలోంచి చూస్తున్నాను. మిడత చేతిలో పూస పట్టుకుని కూర్చుంది. అలాగే కూర్చుంది. ఆ అమ్మాయి మీట నొక్కుతోంది, నొక్కుతోంది, పిల్ల పూస వెయ్యదు. చివరికి తొడుగులు తీసి "ఏమ్మా, ఏమీ వినబడటం లేదా?" అని అడిగింది. తలుపు సందులోంచి నాకు అంతా వినబడుతూనే ఉంది. మిడత ఏమందో తెలుసా? "అమ్మ లోపల లేదు కదా ఆంటీ, ఎప్పుడు వెయ్యాలో నాకెలా తెలుస్తుంది?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పిల్ల అలిసిపోయింది, మళ్ళీ తీసుకురండి అని రాసి పంపేసింది.

నీకు అర్థమై ఉంటుంది. మిడత వీపు అద్దం వైపు, నా మొహం అద్దం వైపు. మీట నొక్కినప్పుడల్లా అవతల మిషన్ మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. నేను బల్ల కింద పిల్ల పాదం మీద నా బొటనవేలు ఆనించేదాన్ని. ఇరవై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్న కాలు, మోకాలు కదలకుండా వేలు ఒక్కటే ఆడించగలదు. పాదం నొక్కితే పూస వెయ్యమని పిల్లకి నేర్పాను. ఆట అన్నాను. అన్నిటికీ వెయ్యనిచ్చేదాన్ని కాదు, నాలుగైదింటికి ఒకటి వదిలేసేదాన్ని, అనుమానం రాకుండా. ఎంత తెలివో చూడు నాది.

మూడో విడత నుంచి అదే పని. పిల్ల, చెవుల్లో ఏదో గుయ్యిమంటోందని నాకు అప్పుడే చెప్పింది. చెవులు తగ్గితే మందు తగ్గిస్తారని నువ్వే రాశావు. తగ్గిస్తే కణితి పెరుగుతుందా అని అడిగితే ఎవరికీ తెలియదన్నావు. ఎవరికీ తెలియనప్పుడు నేనేం చెయ్యాలి అక్కా? చెవులు లేని పిల్లనైనా ఇంటికి తీసుకెళ్ళొచ్చు అనుకున్నాను. ఇంత పోతుందనుకోలేదు. కొంచెం పోతుందనుకున్నాను.

ఆయనకి కూడా చెప్పలేదు. నువ్వు ఎవరికీ చెప్పకు. చెబితే మమ్మల్ని పరిశోధనలోంచి గెంటేస్తారు, స్కానింగులు ఆపేస్తారు, కణితి తిరిగొస్తే చూసే దిక్కుండదు. చెప్పావంటే నాకు అక్క లేదనుకుంటాను.

చెల్లి


మార్చి 12

చెల్లికి,

నీ ఉత్తరం ఫిబ్రవరి పదిహేనున అందింది. చదివి బ్యాగులో పెట్టుకున్నాను. ఇరవై నాలుగు రోజులు ఆ బ్యాగు తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను, వచ్చాను. రోజూ రేపు చెప్దామనుకున్నాను. నీ కోసం ఆగానని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం. మీ కాగితాలు నేను ముట్టుకున్న సంగతి కూడా బయటపడుతుందని ఆగాను. పుట్టిన తేదీ చూసి మురిసిపోయినప్పుడు లేని భయం అప్పుడు వచ్చింది.

మొన్న సోమవారం పదహారో నంబరు పాప కాగితం వచ్చింది. నవంబరు మీటింగ్ తర్వాత చేరిన పిల్ల. నేను ఉత్తరం దాచుకునేటప్పటికి ఆ పాప చెవులు బాగానే ఉన్నాయి. ఈ ఇరవై నాలుగు రోజుల్లో ఇంకో విడత పూర్తి మందు ఎక్కింది. ఇప్పుడు దెబ్బతిన్నాయి. ఆ మీటింగ్ తర్వాతే చేరిన పద్నాలుగో నంబరు పాపవి అంతకు ముందే పోయాయి. నీ కాగితం నిజం చెప్పి ఉంటే నవంబరులోనే లెక్క నాలుగయ్యేది, గుంపు మూసేసేవారు, ఈ ఇద్దరూ తక్కువ మందు తీసుకునేవారు. ఒకటి నీ వల్ల, ఒకటి మనిద్దరి వల్ల.

ఆ కాగితం పట్టుకునే మేడం గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ అరవలేదు. నన్ను వేరే గదికి మార్చారు, ఇంక కాగితాలు నా దగ్గరికి రావు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. పూర్తి మందు గుంపు ఆ సాయంత్రమే ఆపేశారు. మిమ్మల్ని ఎవరూ గెంటరు. స్కానింగులు మునుపటిలాగే చేస్తారు, అది అడిగి మరీ తెలుసుకున్నాను. ముందే అడిగి ఉంటే నీకు ఆ భయం కూడా ఉండేది కాదు.

ఇంకొకటి ఉంది. రాయకపోతే ఎవరో చెప్తారు, నేనే రాస్తాను. తక్కువ మందు తీసుకున్న పిల్లల్ని కూడా లెక్క చూశారు. కణితి పోవడంలో రెండు గుంపులకీ తేడా లేదు. ఇంకా రెండేళ్ళు చూడాలంటున్నారు, కానీ ఇప్పటికి తేడా లేదు. మీ అయిదో మంచం పాప కూడా బాగుందట.

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. ఏడు నెలలు ఆలస్యంగా వచ్చింది.

అక్క


ఏప్రిల్ 5

అక్కకి,

రాయకూడదనుకున్నాను. ఆయనకి అంతా చెప్పాను, మూడో రోజు ఆయన తలుపు గంట తీసేసి ఎర్రలైటు పెట్టారు. పిల్లకి కనబడుతుందట. ఆ పరీక్ష మిషన్ మీదదీ ఎర్రదీపమేనని ఆయనకి తోచలేదు, నేనూ చెప్పలేదు.

పెద్ద డాక్టరు పిలిపిస్తే నిన్న వెళ్ళాం. తిడతాడనుకుని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. "మీకు అంత భయంగా ఉంటే నాతో ఒక మాట చెప్పాల్సిందమ్మా" అన్నాడు. "మీ పద్దెనిమిది పేజీల్లో నా భయం రాయడానికి చోటెక్కడుంది సార్? అన్నీ సంతకం పెట్టే గీతలే" అన్నాను. ఆయన కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. జరిగింది పేరు లేకుండా రిపోర్టులో రాస్తామన్నాడు, ఇకమీదట తల్లులతో ముందుగా కూర్చుని మాట్లాడే మనిషిని పెడతారట. మంచిదే. ముందే పెట్టి ఉంటే ఇంకా మంచిది. దానికీ ఒక సంతకం అడిగారు, పెట్టాను.

నీ మీద కోపం పోలేదు. కాగితం మీద ఉన్నది నీకు నిజం, పిల్లకి ఉన్నది గారం, అలా రాశావు. నువ్వు చెప్పేశావనీ కోపమే, ఇరవై నాలుగు రోజులు చెప్పలేదనీ కోపమే. న్యాయం కాదని తెలుసు. ఇప్పుడు న్యాయం మాట్లాడే ఓపిక నాకు లేదు.

చెవి మిషన్ల కోసం బయట హాల్లో కూర్చోమన్నారు. మిడతకి అవి నిన్ననే ఇచ్చారు. పక్కన ఒకావిడ, నా వయసే ఉంటుంది, ఒళ్ళో నాలుగేళ్ళ పాప. ఆ పాపకి కూడా చెవుల వెనక కొత్త మిషన్లు. పాప పీకేస్తుంటే ఆవిడ మళ్ళీ మళ్ళీ పెడుతోంది. మిడతని చూసి తనే పలకరించింది. మీ పాపకీ ఇదేనా, ఎన్ని విడతలు అని అడిగింది. చెప్పాను. తర్వాత తనే అంది, "మేం చేరాలా వద్దా అని నెల రోజులు కొట్టుకున్నామండీ. ఎవరో ఒక పాపకి ఆరు విడతలు అయినా చెవులకి ఏమీ కాలేదని డాక్టరుగారు చెప్పారు. ఆ ఒక్క పాప ధైర్యంతోనే సంతకం పెట్టాం. మన పిల్లలకే రాసిపెట్టి లేదు."

ఊరుకోవచ్చు. ఎవరూ అడగలేదు. లోపల డాక్టరుకి చెప్పేశాను, కాగితం మీద పెట్టేశాను, అయిపోయిందనుకోవచ్చు. కానీ ఆవిడ ఎవరో తెలియని ఆ పాపని మెచ్చుకుంటూ, మా పిల్ల తల నిమిరింది. ఇంక నా వల్ల కాలేదు.

"ఆ పాప ఇదేనండీ" అన్నాను. బొటనవేలు, దీపం, పూసలు, అంతా చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను, కానీ అది చెప్తుంటే నాకే వినబుద్ధి కాలేదు.

తిడుతుందనుకున్నాను, కొట్టినా పడేదాన్ని. ఆవిడ మిడత చెవుల వైపు చూసింది, నా కాళ్ళ వైపు చూసింది. తర్వాత బ్యాగు భుజాన వేసుకుని, పాపని ఎత్తుకుని, హాలు ఆ చివర బెంచీ మీదకి వెళ్ళి కూర్చుంది.

మిడత అటువైపు చెయ్యి ఊపింది. ఆ పాప కూడా నవ్వుతూ చెయ్యి ఎత్తింది. వాళ్ళమ్మ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించేసింది.

చెల్లి